సానరాయి

బడిలో నేను నూకరత్నం.
హాజరు పిలిచేటప్పుడు ముందు సగం మింగేసి
రత్నం అంటారు మేష్టారు.
మామ్మ ఒక్కతే 'మ్యా' అంటుంది.
పచ్చరాయి అని అర్థమట, రంగంలో.
కుళాయి దగ్గర పిల్లలకది దొరికిపోయింది.
బిందె నిండేదాకా
మ్యావ్, మ్యావ్.

బర్మా క్యాంపులో పుట్టాను. బర్మా చూడలేదు.
కంచరపాలెం గేటు పడినప్పుడల్లా
గూడ్సు పెట్టెలు లెక్కపెడుతూ పెరిగాను,
యాభై ఎనిమిది, యాభై తొమ్మిది.
ఎక్కడికెళ్తున్నాయని ఎవరినీ అడగలేదు.
జడ దులిపితే ఎర్రటి ఖనిజం ధూళి.

"అక్కడ మమ్మల్ని 'కలా' అనీవోరు" అంటుంది మామ్మ
ఉడికిన నూడుల్సు మీద వేయించిన శనగపిండి చల్లుతూ.
కలా అంటే పైనుంచి వచ్చినవాళ్ళు, మనవాళ్ళు కారు.
ఓడ దిగితే ఇక్కడ
"బర్మావోళ్ళొచ్చీసినారు" అన్నారట.
తెలుగులో కల అంటే వేరే కదా మామ్మా, అన్నాను.
"అదీ నిజిమే. తెల్లారితే ఉండదు."

లైబ్రరీలో ఒక అనువాద నవల దొరికింది.
అట్ట లేదు, మొదటి పదకొండు పేజీలు లేవు,
అందుకే ఆ పిల్లది ఏ ఊరో నాకిప్పటికీ తెలీదు.
భూగోళానికి అటువైపెక్కడో.
అమ్మమ్మ స్పానిషులో ముద్దుచేస్తుంది,
బడి ఇంగ్లీషులో నిలబెడుతుంది,
పేరు పిలిచే టీచరు నాలుక
ప్రతిరోజూ ఒకే అక్షరం దగ్గర జారుతుంది.
ఆ చోట పుస్తకం మూసి
గేటు దగ్గర అలాగే నిలబడిపోయాను.
గూడ్సు వెళ్ళిపోయింది. లెక్కపెట్టలేదు.

ఆ వారమే పెద్దమనిషినయ్యాను.
పలాస నుంచి మేనత్తలు దిగారు,
తాటాకు చాప పరవడానికి, చిమ్మిలి దంచడానికి.
మామ్మ మంచం కిందనుంచి సానరాయి లాగింది.
రంగం నుంచి ఓడలో ఒళ్ళో పెట్టుకొచ్చిన రాయి.
బంగారం రేవులోనే గుంజుకున్నారు,
రాయినెవరు అడుగుతారు?
బొటనవేలంత మిగిలిన థనకా చెక్క,
నాలుగు చుక్కల నీళ్ళు,
మెల్లగా గుండ్రంగా ఆమె మణికట్టు.

"ఓలమ్మా, పసుపు రాయాల గానీ ఆ చెక్కపిండేటి?
గుంటని మన గుంటలాగ ఉంచు" అంది చిన్నత్త.

మామ్మ తలెత్తలేదు.
"నాను ఓడమీదే పెద్దమనిసినయినాను.
అది ఏ దేసం నీళ్ళో ఎవులికీ తెల్దు.
మాయమ్మ ఇదే రాసింది."

చిమ్మిలి దంచే చెయ్యి కాసేపు ఆగింది.

చల్లగా ఉంది ముందు. ఆరేకొద్దీ చెంప బిగుసుకుంది.
ఊరుకోలేక దానిమీదే పసుపు మెత్తింది అత్త.
అద్దం తెచ్చుకు చూస్తే ఏది ఏదో.
నవ్వాను. రెండూ ఒకేసారి పగిలాయి.

రాత్రి హార్బరులో ఏదో ఓడ కూసింది.
చీకట్లోంచి మామ్మ
"థమిన్ సా పీబీలా?" అంది.
తిన్నాను, అన్నాను.
అడిగింది ఆ భాషలోనని
నిద్ర పట్టబోయేముందు గుర్తొచ్చింది.

పుస్తకం పద్దెనిమిది రోజులు ఆలస్యంగా ఇచ్చాను.
గుమాస్తా పేజీలు తిప్పుతూ తిప్పుతూ
ఒకచోట ఆగి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.
నా వేలిముద్ర.
"పసుపా అమ్మా ఇది?"
ఔనండి, అన్నాను.
జరిమానా కట్టి మెట్లు దిగుతుంటే
వెనక్కెళ్ళి సరిగ్గా చెప్పాలనిపించింది.
బస్సు కదులుతోంది. పరిగెత్తాను.
ఎవరో ఒకరు తెరుస్తారులే ఆ పేజీ,
కొంచెం వాసన చూస్తారు.