చాటు

ఇమ్లీబన్ బస్టాండులో మైకు గదికి ఒకటే కిటికీ.
దానికీ పాత పేపరు అంటించారు.
నన్నెవరూ చూడరు.
పొద్దున ఐదున్నర నుంచి అందరికీ వినపడతాను.
కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ,
నలభై ఆరో నంబరు ప్లాట్‌ఫారం.

మొన్న ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
ఒకటో తారీఖు నుంచి కంప్యూటర్ గొంతు,
నేను పార్సిల్ కౌంటరుకి.
కింద ఒక గడి ఖాళీ: ప్రస్తుత హోదా.
పదకొండేళ్లుగా ఇదే కుర్చీ,
జీతం చిట్టీలో మాత్రం నేను ‘ఇతరులు’.

ఏం రాయను?

లాగ్‌షీట్లు రాసే గౌసుద్దీన్ సాబ్
చాయ్ సాసర్లో పోసి ఊదుతూ అన్నాడు,
మునాది అని రాయమ్మా.
అరబ్బీలో నిదా అంటే పిలుపు, పిలిచెటోడు మునాది.
ఎలాన్ అని కూడా ఉంది,
లోపలి దాన్ని బయట పెట్టుడు.
సర్కారుకి ఇప్పుడు ఉర్దూ రాదు సాబ్, అన్నాను.
మరి మీ తాతనేమనేటోళ్లు?

మా తాత బాలనర్సు మస్కూరి.
శంషాబాద్ అవతల ఊరు,
ఇప్పుడు దాని సగం మీద ఔటర్ రోడ్డు.
చితుకుల మంట మీద డప్పు కాచి
మూడు దెబ్బలు, ఒక మాట,
మూడు దెబ్బలు, ఇంకో మాట.
ఇనుండ్రి... రేపు పొద్దుగాల చావడికాడ సూదిమందు...
పిల్లల తోలుకొని రావాలె...
పటేలు అరుగు ముందు చెప్పులు చంకలో.
ఊరందరి చెవుల్లోకి పోయిన గొంతు
ఒక్క ఇంటి గడపా దాటలేదు.

సాబ్ నవ్వాడు, లేదా గొంతు సవరించుకున్నాడు.
మజ్కూర్ అంటే ‘చెప్పబడిన’ అని.
మస్కూరి అందులకెల్లే వచ్చిందంటరు.

చెప్పబడినవాడు!
తాతను ఏ కాగితం చెప్పింది?
పహాణీ నకళ్లు తిరగేశాను ఒకసారి,
గుంట భూమి పక్కన కూడా లేడు.
డప్పు కొట్టుకోవడమంటే గొప్పలు చెప్పుకోవడమట.
జీవితమంతా కొట్టినవాడు
తన గురించి ఒక్క దెబ్బా కొట్టుకోలేదు.

టముకు సంగతి సులువు,
చప్పుడే దాని తల్లీ తండ్రీ.
దండోరా ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో
సాబ్ రెండు చాయ్‌ల సేపు చెప్పాడు,
మధ్యలో నేను రెండు బస్సులు పిలిచాను.
ఇంట్లో మాకున్న మాట ఒకటే.
నాయనమ్మ గిన్నె మీద మూత పెడుతూ అనేది,
సాటనీకి పోయిండు, వచ్చినంక తింటడు.

చాటడం. చాటు.
తలుపు చాటు, కొంగు చాటు కూడా అదే మాట.
చెప్పడానికీ అదే, దాక్కోవడానికీ అదే.
రెండూ ఒక వేరు నుంచి వచ్చాయో లేదో
సాబ్‌కి తెలియదు, పుస్తకం చూడాలన్నాడు.
నేను పేపరంటించిన కిటికీ వైపు చూశాను.

అప్పుడే కానిస్టేబుల్ ఒక పిల్లాణ్ణి తెచ్చాడు.
మూడేళ్లుంటాయి. పేరడిగితే ‘చిన్నా’ అంటాడు,
అమ్మ పేరడిగితే ‘అమ్మ’.
పచ్చ చొక్కా, ఎడమకాలికి చెప్పు లేదు,
చేతిలో సగం కొరికిన ఉస్మానియా బిస్కెట్, అని చెప్పాను.
ఆరుసార్లు చెప్పాను.
ఏడోసారికి వాణ్ణి చంకనేసుకుని బయటికొచ్చాను.

పన్నెండో ప్లాట్‌ఫారం దగ్గర ఒకావిడ
స్తంభానికున్న స్పీకరు కింద నిలబడి
తల పైకెత్తి దానికే దండం పెడుతోంది,
ఇంకోసారి చెప్పు తల్లీ, ఎక్కడున్నడో చెప్పు.
వెనక నుంచి, మైకు లేకుండా,
ఇక్కడున్నడమ్మా, అన్నాను.
ఆవిడ నా వైపు తిరగడానికి కాస్త సమయం పట్టింది.
గొంతుకి మొహం ఉంటుందని అనుకోలేదేమో.

గడి ఇంకా ఖాళీగానే ఉంది.
గదిలోకొచ్చి,
మైకు ఆన్ చేసి,
బల్ల మీద వేళ్లతో మూడు దెబ్బలు కొట్టాను.
సాబ్ పెన్ను ఆపి చూశాడు.
అచ్చంపేట పోయే బస్సు...