మరదానలో రీడ్లు మార్చే కొట్టు

నందసోమ పెట్టె మొదటిసారి నా కొట్టుకొచ్చినప్పుడు
తిత్తిలో ఉప్పుగాలి వాసన.
అంబలంగొడ నుంచి రైలు గుమ్మంలో
ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.
రేడియోవాళ్ళు రెండుసార్లు వద్దన్నారట,
"గొంతులో ఇంకా చేపల వాసనుంది" అని.
మూడోసారి పనికొచ్చింది ఆ గొంతే.

నాకు పాటలు తెలియవు, అరుగుదల తెలుసు.
పెళ్ళిళ్ళలో పాడిన ఏళ్ళు అన్ని మెట్లూ నలిగాయి.
సినిమాల ఏళ్ళు పైస్థాయి ఒక్కటే.
క్యాసెట్ల కాలంలో ఉత్త దుమ్ము,
ఎలుక పిల్లల్ని పెట్టింది కూడా.
సుమనలత పోయిన ఏడు మాత్రం
కోమల ధైవతాన్ని మూడుసార్లు మార్చాను.

అప్పుడేం కట్టాడో మాతర బస్సులో విన్నాను.
టికెట్లిచ్చే కుర్రాడు తప్పు పాడుతున్నాడు,
దించాల్సిన చోట ఎత్తి.
చెప్పాను, కోప్పడతాడనుకుంటూ.
పాలు లేని టీ చల్లారిందాకా
బల్ల మీద వేళ్ళతో వెతుక్కుని
"వాడిదే నయం" అన్నాడు.
ఆ పోయా పున్నమి కచేరీలో
కుర్రాడిలాగే ఎత్తాడు.

నిన్న మనవరాలు తెచ్చింది పెట్టెని.
తాతకిప్పుడు మాటే గాలిలా వస్తుందంది.
తిత్తి మడతలో చీటీ:
"అన్నీ సరిచెయ్యి.
ఆ ధైవతం కాస్త దిగింది. దిగనీ."

బిల్లులో ఒక రీడు తక్కువ రాశాను.