నూట నలభై మూడు ముఖాలు

మొఖోట్లోంగ్ కొండల మీద
గొర్రెలు దొడ్డికి చేరాకే మా బడి.
ఒకటే కొవ్వొత్తి. పదకొండు దుప్పట్లు.
దుప్పట్లలో మేము.

మూడు చలికాలాలు గడిచినా నాకు అక్షరం అంటలేదు.
బి పొట్ట ఎటో, డి పొట్ట ఎటో.
పలక విసిరేసి
"నాది గొర్రె బుర్ర" అన్నాను.

త్లలానె టీచరమ్మ తిట్టలేదు, బుజ్జగించనూ లేదు.
తెల్లారేసరికి మా దొడ్డి గోడ మీద కూర్చుని ఉంది,
బూట్ల నిండా మంచుతో.
"ఎన్ని?"
"నూట నలభై మూడు."
"లెక్కపెట్టకుండానే?"
"ముఖాలు తెలుసు కదా!"
"అయితే నాకు నేర్పు."

పొద్దెక్కేదాకా నేర్పాను.
చీలిక చెవిది అక్క, కుంటిది చెల్లి,
ఆ నల్లమూతిది దొంగ, పక్కదాని పాలు తాగేస్తుంది.
ఆవిడ తప్పు చెప్పింది. మళ్ళీ తప్పే చెప్పింది.
నేను పగలబడి నవ్వాను.
ఆవిడ ముక్కు తుడుచుకుని
"ఇంకోసారి" అంది.

ఆ మాట నా దుప్పట్లో దూరి
ఇంతవరకూ బయటికి రాలేదు.

ఇప్పుడు రాత్రిళ్ళు నా ఎదుటా దుప్పట్లే.
నిన్న మలెఫెత్సానె పలక నేలకేసి కొట్టాడు.
నేనేమీ అనలేదు.
పొయ్యి పక్కన బూట్లు ఆరబెట్టుకున్నాను.
వాడి దొడ్డి చాలా దూరం.