ఏడో పేరా

గిరింపేటలో మేడమీద నా ఆఫీసు.
కింద బెల్లం మండీ.
నా ఫైళ్ళకు చీమలు పట్టేది అందుకే గానీ
వాటిలో తీపి ఏమీ ఉండదు.

ఈ రాత్రి బల్లమీద ఉన్నది
బంగారుపాళ్యం పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి
నలభై రెండు కోట్ల అప్పు,
దానికి నేనివ్వాల్సిన తొమ్మిది పేజీల అభిప్రాయం.
కంపెనీ ఉంది, అన్నాను.
తీర్మానం చెల్లుతుంది, అన్నాను.
తాకట్టు నిలుస్తుంది, అన్నాను.
ఈ మూడు మాటలకు ఆరు పేరాలు పట్టాయి.

ఏడో పేరాలో కంచె వేశాను:
"ఈ అభిప్రాయం
భారతదేశపు కేంద్ర చట్టాలకు,
ఆంధ్రప్రదేశ్‌లో ఈ తేదీన అమలులో ఉన్న చట్టాలకు
మాత్రమే పరిమితం.
వేరే ఏ చట్టం గురించీ నేనేమీ చెప్పడం లేదు."

ముంబై నుంచి బ్యాంకువాళ్ళ ఫోను.
ఆ 'మాత్రమే' తీసేయరాదా మేడమ్,
చదవడానికి కాస్త బెరుగ్గా ఉంది.

తీస్తే,
గుడియాత్తంలో కంపెనీకున్న కోల్డ్ స్టోరేజీ
నా మెడకు చుట్టుకుంటుంది.
నరహరిపేట చెక్‌పోస్టు దాటితే
స్టాంపు డ్యూటీ అరవంలో మాట్లాడుతుంది.
ఆ భాషలో నేను సినిమా చూడగలను,
వేలూరు బజారులో చీర బేరమాడగలను.
పూచీ పడలేను.
అక్కడ సరిహద్దు రాయిమీద ఎవరో లుంగీ ఆరేసుకున్నారు,
సగం అటు, సగం ఇటు.
ఆ లుంగీ గురించి కూడా నేనేమీ చెప్పడం లేదు.

రోటర్‌డామ్ వ్యాపారితో ఒప్పందం
ఇంగ్లాండు చట్టం కింద రాసుకున్నారు.
చదివాను. అర్థమైంది కూడా.
అర్థం కావడంతో పని జరగదు.

మా సీనియర్ ఎతిరాజులు గారు
కోర్టు మెట్లమీద పొడుం డబ్బా తడుముకుంటూ అనేవారు:
"తెలిసింది చెప్పేదానికి ఫీజు తీసుకుంటాం పాపా.
తెలీంది చెప్పకుండా ఉండేదానికి పేరు తీసుకుంటాం."
ఆయనకు పేరు బాగానే వచ్చింది.
స్కూటరు మాత్రం చివరిదాకా అదే.

నిన్న పొద్దున
ఆస్తులు కళ్ళతో చూద్దామని ఫ్యాక్టరీకి పోయాను.
గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు,
చివరిది ఎక్కడుందో కనపడలేదు.
మూడో రోజంట.
అడుగు కాయలు చితికి
తారురోడ్డు మీదికి రసం కారుతోంది.
ఒక కాయ దొర్లి నా కాలిదగ్గరికొచ్చింది.
తీసి పైకందించాను.

"నువ్వు లాయరంట గదమ్మా,"
ట్రాక్టరు మీదనుంచి చెంగమ్మ అడిగింది.
"కిలో ఎనిమిదని నోటిమాట చెప్పినారు.
ఇప్పుడు నాలుగంటుండారు.
నువ్వు రాసే కాగితంలో మా మాట ఉండాదా?"

తొమ్మిదో పేరా గుర్తొచ్చింది.
ఈ అభిప్రాయం బ్యాంకు కోసం,
మరెవరూ దీనిమీద ఆధారపడరాదు.
అది ఆమెకు ఎట్లా చెప్పేది?
అచ్చుకాగితం తెలుగులో
అట్లాంటి గొంతు నాకు లేదు.

"లేదమ్మా," అన్నాను.

కాసేపు చూసింది.
"లేదని చెప్పినావు, అదే శానా.
లోపల కూర్చున్నోళ్ళంతా
చూస్తాం చూస్తాం అంటుండారు."

అది మెప్పో తిట్టో
ఒకటిన్నరైంది, ఇంకా తేలలేదు.

'మాత్రమే' ఉంచాను.
కింద తేదీ వేశాను,
రేపు పుట్టబోయే చట్టానికి కూడా నేను పూచీ కాదని.
ఒక చీమ ఏడో పేరా మీదుగా నడిచి
కాగితం అంచు దాటి
బల్లమీదికి దిగిపోయింది.

సంతకం చేస్తుంటే
బొటనవేలిమీద నిన్నటి సొన
ఇంకా చురచుర.