చల్లపెట్టెలో రెండో అర

జనవరి. మోంటెవిడియోలో
తారు మెత్తబడే నెల.
బకెట్లో గ్లాడియోలస్ కాడలు
నీళ్ళు తాగుతూనే వాడిపోతున్నాయి.
అప్పుడొచ్చింది నర్సు నెలిదా,
చెప్పులు చేత్తో పట్టుకుని, మడమ మీద బొబ్బతో.
పూల కోసం కాదు.
"నీ ఫ్రిజ్‌లో జానెడు చోటు కావాలి" అంది.

మూతపడ్డ సినిమాహాలు మెట్ల మీద
అట్టపెట్టె పరుచుకుని పడుకునే ఎవారిస్తో కోసమట.
ఒకప్పుడు రేవులో ఉన్ని బేళ్ళు మోశాడంటారు.
అంటారు. నేను అడగలేదు.
పదకొండేళ్ళుగా ఇదే మలుపులో పూలమ్ముతూ
ఒక్కసారీ అడగలేదు.

అతనికి షుగరు. రోజుకు రెండు సూదులు.
ఒక సీసా ఎండకి పాడైంది.
ఒకటి మత్తుమందనుకుని ఎవరో ఎత్తుకుపోయారు.
మూడోదాన్ని, దుప్పటితో సహా,
వీధి శుభ్రం చేసిన పూట మునిసిపాలిటీ లారీ మింగింది.
నాలుగోదానికి వెళితే కౌంటర్లో అమ్మాయి
చిరునామా గడి ఖాళీగా ఉందంది.
కసురుకోలేదట, మర్యాదగానే అందట.
మర్యాదగా మూసినా తలుపు తలుపే.

డాక్టరు చీటీ నాకు చదివి వినిపించింది నెలిదా:
వేళకి తినాలి.
కాళ్ళు పొడిగా ఉంచుకోవాలి.
పుండు మానేదాకా నడవకుండా నీడపట్టున ఉండాలి.
మందు చల్లటిచోట దాచుకోవాలి.
చదివి, మడిచి, జేబులో పెట్టుకుని
"ముందు ఇల్లు కట్టుకో అని రాస్తే సరిపోయేది" అంది.

నేను వెంటనే ఒప్పుకోలేదు. అబద్ధమెందుకు.
కరెంటు బిల్లు గుర్తొచ్చింది.
అతని కంపు గుర్తొచ్చింది,
పెళ్ళిగుత్తుల కోసం వచ్చేవాళ్ళ ముక్కులు గుర్తొచ్చాయి.
రేపు చెప్తానన్నాను.
రేపటికి ఆమె సీసాలూ, సూదుల డబ్బా,
సొంత డబ్బుతో కొన్న థర్మామీటరూ పట్టుకుని గుమ్మంలో ఉంది.

రెండో అర. కార్నేషన్ల వెనక.

పొద్దున ఏడింటికి వస్తాడు,
మళ్ళీ నేను షట్టర్ దించేముందు.
కుక్కని బయటే కూర్చోబెడతాడు. పేరు దొమింగో, అంటే ఆదివారం.
ఈసారి అడిగాను. ఆదివారం దొరికిందట, అంతే.
చొక్కా ఎత్తి, పొట్టమడత పట్టుకుని,
నాకు వీపు తిప్పి పొడుచుకుంటాడు,
తలుపులేని స్నానాలగదిలో ఉన్నవాడిలా.
నేను రిబ్బన్లు కత్తిరిస్తున్నట్టు నటిస్తాను.
తర్వాత ఓ రొట్టెముక్క. వేళకి తినాలి కదా.

ఫిబ్రవరిలో ఒకరోజు వీధంతా కరెంటు పోయింది.
గులాబీల్ని వాటి ఖర్మకి వదిలేసి
చేపల కొట్టుకి పరిగెత్తాను ఐసు కోసం.
మరీ గడ్డకట్టినా పనికిరాదట.
ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలు చుట్టి,
అయిదు గంటలు థర్మామీటరు చూస్తూ కూర్చున్నాను.
నా దగ్గర చావుకి చక్రాల దండలు కూడా దొరుకుతాయి.
మెట్ల మీద పడుకునేవాళ్ళ కోసం
ఇంతవరకూ ఎవరూ ఒకటి కొనలేదు.

ఫారంలో ఇప్పుడు గడి నిండింది.
నెలిదా రాసింది:
పూలకొట్టు, చల్లపెట్టె, రెండో అర.
ఆ అమ్మాయి ఒకసారి చదివి, ఇంకోసారి చదివి,
ముద్ర కొట్టిందట.

అయినా రెండు కాలివేళ్ళు పోయాయి.
నవంబరులోనే చూడాల్సిందన్నారు.
ఆరు రాత్రులు ఆసుపత్రిలో అతనూ,
నా షట్టర్ దగ్గర దొమింగో.
కుక్కని ఎవరు చూస్తారన్న బెంగతోనే
అన్నాళ్ళూ ఆసుపత్రి గడప తొక్కలేదని
అప్పుడు తెలిసింది మాకు.
ఎవరి ఫారంలోనూ ఆ గడి లేదు.

నిన్నెవరో విలేకరి వచ్చి
నా మనసు పూలలాంటిదన్నాడు.
నెలిదాకి ఒళ్ళుమండింది.
"ఈమె ఫ్రిజ్ చెడిపోతే ఏం రాస్తావయ్యా?
ఇది ఆసుపత్రి చేయాల్సిన పని" అంది.
నిజమే.
ఫ్రిజ్ పాతదే. రాత్రుళ్ళు మూలుగుతుంది.
మెకానిక్‌కి ఫోను చేశాను, శుక్రవారం వస్తానన్నాడు.
కింద అరలో టులిప్‌లు కొంచెం ఇరుక్కుంటాయి,
ఇంకో పేరు వచ్చింది.