పన్ను కన్నా ముందు

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు.
నాది మాత్రం మా తాత పేర్చిన రాయి.
వానకి నానిన గట్టు మీద మేకపిల్ల వెనక పరిగెత్తి
బోర్లా పడ్డాను.
పైవరసలో ముందువి నాలుగూ
ఇంకా అక్కడే, చిపూదే లోయలో, ఏ కలబంద మొదట్లోనో.

పదకొండేళ్ళు పట్టించుకోలేదు.
పళ్ళు పోతే పళ్ళే పోతాయనుకున్నాను.
వాటి వెనకే ఎముకా పోతుందని ఎవరు చెప్పారు?
దున్నేవాడు లేని మడిలా
ఏటికేడు లోపల్లోపల కోసుకుపోయిందట.
ఓడెక్కి తెనెరీఫె వెళితే
డాక్టరమ్మ యురేనా ఎక్స్‌రే వెలుతురుకి పట్టి
"గుమెర్సిందో, స్క్రూ దిగడానికి ఇక్కడ నేలే లేదు" అంది.

నేల లేకపోవడం మాకు కొత్తా?
ఈ దీవిలో మా మడి మన్నంతా
ఎవరో గంపకెత్తుకుని మోసుకొచ్చి
గోడ కట్టి ఆపిందే.
ఆమె చేసిందీ అదే పని:
చిగుళ్ళు చీల్చి
చక్కెర పలుకుల్లాంటి ఎముక పొడి నింపి
పైన పల్చటి పొర కప్పి కుట్టేసింది.
"ఏ జంతువుదమ్మా?"
"ఆవుది."
నలభై ఏళ్ళు మేకల వెంట తిరిగిన దవడలో ఆవు!
మా మందకి తెలిస్తే పాలు చేపుతాయా?

"ఇంకో మాట. గట్టిగా ఊదొద్దు. ఈల అసలొద్దు."
నవ్వొచ్చింది, కుట్లు లాగాయి.
ఈల పోయే కదా నేను ఓడెక్కింది.

లోయకి అటువైపు బెనిగ్న ఉంటుంది.
నడిస్తే గంటన్నర, ఈలకి ఒక్క గుటక.
పొద్దుగూకే వేళ నా పేరుని
నాలుగు మెలికలు తిప్పి విసురుతుంది, ఇప్పటికీ.
మొదట్లో పెట్టుడు పళ్ళతోనే జవాబిచ్చాను.
గాలి పక్కలనుంచి జారి
"మేక ఈనింది" అన్నది
"మేక చచ్చింది" అయింది.
పాపం, ఓదార్చడానికి గంటన్నర నడిచొచ్చింది.
అప్పట్నించీ పాలడబ్బా మీద కర్రతో కొడుతున్నాను.
ఒకటంటే, ఉన్నాను.
రెండంటే, రేపు.

ఇది నాలుగో నెల.
గోఫియో పిండి పాలలో జావగా కలుపుకు తాగి
అద్దంలో పెదవెత్తి చూస్తే
ఏమీ కనబడదు, నున్నటి గులాబి రంగు తప్ప.
లోపల ఆవు కొంచెం కొంచెంగా
నాకు చోటిచ్చి తప్పుకుంటుందట.
మేకలైతే తప్పుకోవు.

నిన్న సాయంత్రం బెనిగ్న ఈల
చివర్లో సన్నగా చీలింది.
ముందు పన్నొకటి కదులుతోందని వాళ్ళబ్బాయి చెప్పాడు.
నాకింకా రెండు నెలలు.
ఆగమనడానికి డబ్బా మీద మాట లేదు.
ఒకటే కొట్టాను.
కాసేపాగి, మళ్ళీ ఒకటి.