పన్ను

భాష ఆడిన వేళాకోళం ఇది.
పన్ను దగ్గర తప్పుచేసి లోపలికొచ్చాను,
లోపలికొచ్చాక పన్నే పట్టుకుంది నన్ను.
వెర్లీన్‌కి చెబుదామంటే
ఆమె ఇంగ్లీషులో ఈ రెండూ చుట్టాలు కావు.
ఒక్కదాన్నే నవ్వుకోబోయాను,
దవడ ఒప్పుకోక సగంలో ఆపేశాను.

కింద ఎడమవైపు, వెనకనించి మూడోది.
తీపి తగిలితే మూడేళ్ళ కిందటే చెప్పింది.
ఏప్రిల్ పదిహేను దాటనీ, చూపిస్తాననేదాన్ని.
అర్వింగ్‌లో మా ఆఫీసు మెట్లదాకా క్యూ.
ఏటా ఒక ఏప్రిల్ ఉంటుంది కదా.

అబిలీన్ అవతల, పత్తిచేల మధ్య ఈ జైలు.
గాలి వీస్తే కంచె ఇనుము జివ్వుమంటుంది,
చన్నీళ్ళు తగిలినట్టు.
సెప్టెంబరులో చీటీ రాసి పెట్టెలో వేశాను.
నొప్పి ఎంత, ఒకటి నుంచి పదిలోపు? అని ఒక గడి.
ఏడు వేశాను.
రాత్రికి తొమ్మిదైంది. గడిలో ఏడే ఉండిపోయింది.

వెర్లీన్‌ది వంటింటి డ్యూటీ.
క్రిస్మస్‌కి పంది తొడలో గుచ్చిన లవంగాల్లో ఒకటి
మేజోడు మడతలో దాచి తెచ్చింది.
దొరికితే నెల్లాళ్ళు ఫోను బంద్,
కూతురి పుట్టినరోజు ఆ నెలలోనే.
గుడ్డు ఉడికించిన గిన్నెని కూడా విడిగా పెట్టేదాన్ని నేను.
వాసన చూడలేదు. పంటికింద పెట్టుకున్నాను.
నాలుగు గంటలు నిద్రపట్టింది.
ఆ నాలుగు గంటలూ ఏ పద్దులో రాయను?

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పిలుపొచ్చింది.
వరండా బెంచీ మీద పదకొండుమందిమి.
ఒకామె బుగ్గకి తడిగుడ్డ.
ఎందుకొచ్చావని ఇక్కడ ఎవరూ అడగరు,
"ఏది?" అంటారంతే. వేలితో చూపించాలి.

డాక్టరు ఓస్బర్న్ చేతులకి రబ్బరు తొడుగులు.
పదకొండు నెలల్లో నా ముఖాన్ని తాకిన మొదటి చెయ్యి.
కళ్ళలో నీళ్ళు సూదివల్ల అనుకున్నాడు పాపం,
సూది ఇంకా ట్రేలోనే ఉంది.
"పంతొమ్మిది," అన్నాడు నర్సుతో.
ఇక్కడ పంటిక్కూడా నంబరే.
"బాగుచెయ్యొచ్చు, రెండేళ్ళ వరస ఉంది.
పీకడమైతే ఇవాళే."
సంతకానికి కాగితం ఇచ్చాడు.
మూడొందల పదకొండు రిటర్నుల మీద
చూడకుండా గీకిన సంతకం
ఇప్పుడు మొత్తం చదివి, వణికి, గీత దాటింది.

పట్టకారు. చెవిలోపల ఎండుపుల్ల విరిగిన చప్పుడు.
గాజుగుడ్డ మీద రెండు కాళ్ళ చిన్న జంతువు.
"నాకిస్తారా?" అంటే తల అడ్డంగా ఊపాడు.
పనిముట్లు లెక్కపెట్టారు, రెండుసార్లు. అన్నీ ఉన్నాయి.
నాకంటే ముందు అది విడుదలై వెళ్ళిపోయింది.

తిమ్మిరి దిగుతుంటే వరహాలమ్మ గుర్తొచ్చింది.
రెస్టారెంటు వెనక రోజుకి ఆరొందల చపాతీలు ఒత్తే మనిషి.
కొంగు నోటికడ్డం పెట్టుకుని అడిగేది:
"నా డబ్బులొచ్చినాయా అమ్మా?
పళ్ళసెట్టు కట్టించుకుందామని."
ఇంకా రాలేదమ్మా అన్నాను. మూడుసార్లు.
వచ్చాయి. పద్దెనిమిదొందల నలభై. నా ఖాతాలోకి.
కోర్టు జాబితాలో ఆమెది నలభై రెండో వరస.
జడ్జి ఆ పేరు కూడబలుక్కుని చదివినప్పుడు
నాకెక్కడా నొప్పెట్టలేదు.

రసీదిచ్చారు: రెండు డాలర్లు మినహాయింపు.
లాండ్రీలో నా కూలి గంటకి పన్నెండు సెంట్లు.
పదహారు గంటల నలభై నిమిషాలు.
అలవాటుకొద్దీ మళ్ళీ చేసి చూశాను, సరిపోయింది.

సాయంత్రం మెత్తగా ఉడికిన బఠాణీలు, కుడివైపు.
నాలుక మాత్రం ఊరుకోదు.
మాటిమాటికీ ఎడమకెళ్ళి
ఆ ఖాళీని తడిమి వస్తోంది,
అక్కడేదో ఇంకా కట్టవలసి ఉన్నట్టు.